మూడో చెయ్యి

పెట్టె విప్పి అరగంటైనా దాని మీది ప్లాస్టిక్ పొర ఎవరూ తీయలేదు. ఆ ఇంట్లో అదొక పద్ధతి. టీవీ రిమోట్‌కి కవరు, ఆ కవరుకి రబ్బరు బ్యాండు. ఫ్రిజ్ తలుపు మీద అంటించి వచ్చిన స్టిక్కరు పదకొండేళ్లుగా తాను కొత్తదాన్నని చెబుతూనే ఉంది. అలాంటి ఇంట్లోకి అడుగుపెట్టిన ఫుట్ కంట్రోలర్‌కి మొదటి రోజే పొర ఒలుస్తారని ఆశించడం అన్యాయం.

నల్లటి రేకు పెట్టె. మూరెడు పొడుగు. మీద వరసగా ఆరు గుండ్రటి ఇనప బొత్తాలు, మధ్యలో ఎర్రంకెలు వెలిగే చిన్న అద్దం. కీబోర్డాయన చెప్పులు ఓ పక్కకి విడిచి, పాదాలు పట్టా మీద తుడుచుకుని, దాని ముందు నిలబడ్డాడు.

"చెప్పులెందుకు విప్పావు బావా?" అన్నాడు బావమరిది.

"కాలు పెట్టాలన్నావు కదరా."

"తొక్కడానికే చేశారు దాన్ని. బూట్లేసుకుని మరీ తొక్కుతారు. స్టేజీ మీద దాని మీదకి ఎగిరి దూకేవాళ్లున్నారు."

"వాళ్లింట్లో అక్క లేదు కాబోలు," అన్నాడు కీబోర్డాయన.

బావమరిదికి సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టుంది. ఆ ఒక్క అర్హతతో, కరెంటు మీద నడిచే ప్రతి వస్తువుకీ చుట్టాలందరిలో అతనే పెద్ద డాక్టరు. ఒకసారి వాషింగ్ మిషను బాగుచేశాడు కూడా. దాని వెనకభాగం ఇంకా అతని కొట్లోనే ఉంది. పెట్టెతో పాటు వచ్చిన పుస్తకం తిరగేశాడు. పద్నాలుగు భాషల్లో ఉందది. వాటిలో ఒక్కటీ ఆ గదిలో ఎవరికీ రాదు.

"అందరికీ అర్థమయ్యేలా రాశారు," అని మూసేశాడు.

వంటింట్లోంచి ఆవిడ తొంగిచూసింది. చేతిలో ఎర్రటి రబ్బరు బంతి. నెల రోజులుగా రోజూ రెండొందల సార్లు ఆ బంతిని పిసకాలి. వేళ్ల వణుకుకి అది మంచిదని మేడమీదావిడ చెప్పింది. మేడమీదావిడకి ఎవరు చెప్పారో ఎవరూ అడగలేదు.

"ఏంట్రా అది, తొక్కుడుబిళ్ళా?"

"ఫుట్ కంట్రోలరక్కా. ఇక నీకు రెస్టు."

ఆవిడ బంతిని ఓసారి పిసికింది. "వచ్చిందా నా సవతి," అని లోపలికెళ్లిపోయింది.

పాట మధ్యలో కీబోర్డు ఆర్గన్‌లా మోగాలి, మరుక్షణం వయొలిన్ కావాలి, ఆ తర్వాత వేణువు. ఒక్కో శబ్దానికి ఒక్కో నెంబరు. ఆయన రెండు చేతులూ కీబోర్డు మెట్ల మీదే ఉంటాయి కాబట్టి, పక్కన ముక్కాలిపీట మీద కూచుని ఆ నెంబర్లు ఆవిడ కొట్టేది. ఇరవై రెండేళ్లు కొట్టింది. ట్రూపులో ఆవిణ్ణి మూడో చెయ్యి అనేవాళ్లు. ఆయన ఎడమ కనుబొమ్మ ఎత్తితే అదే పాటలో తర్వాతి శబ్దం. గడ్డం దించితే పాట అయిపోయింది, కొత్త పాట అని. స్టేజీ మీద వాళ్లిద్దరికీ ఉన్న భాష ఆ రెండు ముక్కలే. ఇంట్లో అంతకంటే ఎక్కువ మాట్లాడుకునేవాళ్లని రుజువులేమీ లేవు.

"అసలారోజు ఏమైందక్కా?" బావమరిది వైరు ముడి విప్పుతూ గొంతు పెంచి అడిగాడు.

వంటింట్లో కుళాయి ఆగింది.

"ఏముంది. ఆ పెద్దాయన సంతాప సభ కదా. అందరూ లేచి నిలబడి ఒక నిమిషం మౌనం పాటించారు. తర్వాత మన ఆరో పాట, మెల్లగా వచ్చేది. ఆర్గన్ అయ్యాక వయొలిన్ రావాలి. నలభై ఒకటి కొట్టబోయి యాభై ఏడు కొట్టాను. ట్రంపెట్ వచ్చింది. చెయ్యి వణికిందిరా."

"జనం ఏమన్నారు?"

"ఏమంటారు. పోయినాయన పెద్దల్లుడు ఆపుకోలేక నవ్వేశాడు. అతన్ని చూసి ఇంకో నలుగురు."

కీబోర్డాయన పెట్టెలో అట్టముక్కలు తిరిగి సర్దుతున్నాడు. అట్టపెట్టె పారెయ్యకూడదు, గ్యారంటీ ఉంటుంది. ఆ సభ అయిన మర్నాడే ట్రూపు ప్రొప్రయిటరు ఫోను చేసి, "వదినగారికి విశ్రాంతిద్దాం మాస్టారూ, కాళ్లతో నొక్కే మిషను ఒకటి తెప్పిస్తాను," అన్నప్పుడు ఆయన, "మీ ఇష్టమండీ," అన్నాడు. ఆ మాట ఆవిడ వినేటట్టే అన్నాడు. నచ్చజెప్పే పని తప్పుతుందని.

పెట్టె వచ్చిన మర్నాడు మధ్యాహ్నం పని మొదలుపెట్టాక ఆయనకో సంగతి తెలిసింది. ఆయనకి ఒక్క నెంబరూ తెలీదు.

ఎడమ బొత్తాం కనుబొమ్మ, కుడి బొత్తాం గడ్డం. ఇంతవరకూ బావమరిది నేర్పాడు. మొదటి పాటలో మొదటి శబ్దం ఎంత అని పెట్టె అడుగుతోంది. కీబోర్డు మీద ఏ శబ్దమైనా చెవికి ఇట్టే దొరుకుతుందాయనకి. దాన్ని అంకెతో పిలవమంటేనే రావడం లేదు. ఇరవై రెండేళ్లు కనుబొమ్మ ఎత్తాడు, అది వచ్చింది. ఇంట్లో ఉప్పు డబ్బా సంగతీ ఆయనకి ఇంతే తెలుసు.

ఆవిణ్ణి పిలిచాడు. ఆవిడ కొంగుకి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, మంచం అంచున కూచుంది.

"రెండో పాట, రెండో చరణం ముందు?"

ఆవిడ కళ్లు మూసుకుంది. మోకాలి మీద వేలు మూడుసార్లు ఆడింది. "సున్నా, రెండు, రెండు."

"అది నోటికి వచ్చా?"

"నోటికి రాదు. వేలికొచ్చు. వేలు చూసి నేను చెబుతున్నాను."

పాట పాటకీ ఆయన అడిగేవాడు, ఆవిడ వేలు మోకాలి మీద అంకెలు మీటేది, ఆయన ముక్కు మీదికి కళ్లజోడు తోసుకుని ఒక్కో అంకే పెట్టెలోకి ఎక్కించేవాడు. మొత్తం పదకొండు పాటలు, ముప్పయ్యొక్క శబ్దాలు. ప్రొప్రయిటరు జాబితా ఎప్పుడూ మారదు. సంతాపానికీ సన్మానానికీ ఆ పదకొండే. సంతాపమైతే ఆరో పాటకి జనం నిలబడతారు, సన్మానమైతే టీ తాగడానికి వెళతారు, అంతే తేడా.

సాయంత్రానికి అన్నీ ఎక్కించి, మళ్లీ చెప్పులు విప్పి, ఆయన ఎడమ బొత్తాం తొక్కాడు. అకార్డియన్ రావాల్సిన చోట మౌతార్గన్ వచ్చింది. ఇంకోటి తొక్కాడు. వేణువు బదులు ఇంకేదో ఊదుడు. బావమరిదికి ఫోను చేస్తే, వైరు ఊడదీసి మళ్లీ పెట్టమన్నాడు. అతని వైద్యంలో మొదటి మందు ఎప్పుడూ అదే. ఊడదీసి పెట్టాడు. ఇప్పుడు వయొలిన్ వచ్చింది.

"ఇదొక్కటీ బానే ఉంది," అన్నాడు.

"ఎక్కడ బాగుంది?" వంటింట్లోంచి గొంతు. "వయొలిన్‌కి జలుబు చేసినట్టు లేదూ? అది నలభై రెండు."

"నలభై ఒకటే ఎక్కించాను."

ఆవిడ వచ్చి కీబోర్డు అద్దంలోకి వంగి చూసింది. నలభై రెండు. పెట్టెని చూసింది. నలభై ఒకటి. కాసేపు రెంటి మధ్యా చూపు తిప్పి, ఇద్దరు చంటిపిల్లల తగువు తీర్చినట్టు తీర్చేసింది.

"ఇది సున్నా నుంచి లెక్కెడుతోంది. మన కీబోర్డు ఒకటి నుంచి. అన్నింట్లోనూ ఒకటి తగ్గించండి."

"అన్నింట్లోనా?"

"అన్నింట్లోనూ. లెక్కలో నన్ను తీసేశారుగా, అలాగే."

నవ్వుతూనే అంది. ఆయన కూడా నవ్వాడు. ఆ తర్వాత ముప్పయ్యొక్క అంకెలకీ ఒక్కొక్కటి తగ్గించుకుంటూ కూచున్నాడు. ముప్పయ్యొకటోది అయ్యేసరికి గదిలో చీకటి పడుతోంది. ఆవిడ వచ్చి లైటు వేసి వెళ్లింది.

గురువారం ఆవిడ పెట్టెకి కొలతలు తీసుకుంది. దుమ్ము పడకుండా ముసుగు కుడుతుందట. కిటికీ దగ్గర కూచుని సూదిలో దారం ఎక్కించింది. ఒక్కసారికే ఎక్కింది. ఆయన పేపరు మీదుగా చూశాడు.

"బంతి బానే పనిచేస్తోందే," అన్నాడు.

ఆవిడ సూది వంక చూసి, దారం వంక చూసి, "ఆఁ, ఇవాళ కాస్త నయం," అంది. కుట్టు పక్కన పెట్టి, బంతి తీసుకుని, ఆయనకి వినబడేలా లెక్కపెడుతూ పిసకడం మొదలెట్టింది. మేడమీదావిడకి ఈ విషయం చెప్పాలనుకున్నాడాయన.

శుక్రవారం మధ్యాహ్నం మొత్తం కార్యక్రమం మొదటి నుంచి చివరిదాకా వాయించాడు. ఆదివారం సభ రిటైరైన ఉద్యోగుల సంఘం వాళ్లది. ఆ ఏడాది పోయిన సభ్యుల పేర్లు చదివాక ఆరో పాట రావాలని పెట్టుకున్నారు. అయిదు పాటలు నూనె రాసినట్టు సాగాయి. ఎడమ, ఎడమ, కుడి. ఎడమ, కుడి. కాలు చెప్పినట్టు పెట్టె వింటోంది. ఆరో పాట. ఆర్గన్ మీద మొదటి వరస అయ్యింది. కళ్లు మూసుకుని తొక్కాడు.

ట్రంపెట్.

పక్క వాటాలో ఎవరో కిటికీ మూశారు.

పెట్టె అద్దంలో పాట నెంబరు ఏడు వెలుగుతోంది. ఆరో పాటలో ఉండగా ఏడెందుకొచ్చిందో అర్థం కాక, మళ్లీ మొదటి నుంచి వాయించాడు. మళ్లీ అదే చోట ట్రంపెట్. బావమరిదికి ఫోను చేశాడు. కొట్లో ఎవరూ లేరు కాబోలు, పావుగంటలో దిగాడు. వైరు ఊడదీసి పెట్టాడు. పెట్టె బోర్లించి చూశాడు. చివరికి నేల మీద చతికిలబడి, "వాయించు బావా, నేను చూస్తా," అన్నాడు.

ఆయన వాయించాడు. ట్రంపెట్ వచ్చింది.

"పెట్టెకేం రోగం లేదు," అన్నాడు బావమరిది. "కుడిది తొక్కావు."

"ఎడమదే."

"కుడిది. నా ముక్కు ముందే తొక్కావు."

"ఇరవై రెండేళ్లుగా వాయిస్తున్న పాటరా అది."

"పాట కాదు బావా, కాలు," అన్నాడతను. మరింకేదో అనబోయి, మానేసి, కొట్టు తెరిచి వచ్చానని వెళ్లిపోయాడు. వైరు గురించి కూడా ఏమీ చెప్పలేదు. అతను సలహా ఇవ్వకుండా ఆ ఇంటి గుమ్మం దాటడం అదే మొదలు.

నాలుగోసారి ఆయన కళ్లు తెరుచుకుని, మెడ వంచి, తన కాలి మీదే చూపు పెట్టి వాయించాడు. మొదటి వరస చివరికి వచ్చింది. అక్కడ ఆయనకి ఉన్నట్టుండి పాట అయిపోయినట్టు అనిపించింది. అనుమానంగా కాదు, తలుపు వేసి గడియ పెట్టినంత స్పష్టంగా. కాలు తనంతట తనే కుడివైపు జరిగి, బొత్తాం మీద వాలింది. దాంతో పాటే గడ్డం కూడా దిగింది.

మోగుతున్న ట్రంపెట్‌ని ఆపి, కీబోర్డు మీద అంకెల బొత్తాల వంక చాలాసేపు చూశాడు. నాలుగూ అయిదూ పక్కపక్కన ఉన్నాయి. ఒకటి పై వరసలో ఉంది. ఏడు కింది వరసలో ఉంది.

ఆవిడ వంటింటి గుమ్మంలో కూచుని ముసుగుకి అంచు కుడుతోంది.

"నాలుక్కి బదులు అయిదు పడిందంటే చెయ్యి వణికిందనుకోవచ్చు," అన్నాడు నిలబడే. "ఒకటికి బదులు ఏడెలా పడుతుంది?"

ఆవిడ దారం పంటితో తెంపింది. "పడింది."

"యాభై ఏడు ఏడో పాటలో మొదటి శబ్దం. నేను గడ్డం దించానా ఆ రోజు?"

కుక్కర్ కూత వేసింది. ఆవిడ లేచి మంట తగ్గించి వచ్చి, మళ్లీ కూచుంది. ఈసారి కుట్టు చేతిలోకి తీసుకోలేదు.

"దించారు."

"ఆ ఒక్కరోజేనా?"

"ఏడాది పైనుంచి. ముందు తొమ్మిదో పాటలో వచ్చింది. తర్వాత రెండులో. ఆరులో అయితే ప్రతిసారీ."

"మరి ఎప్పుడూ తప్పు రాలేదే?"

"మీ మొహం చూసి కొడితే కదా తప్పు రావడానికి! పాట విని కొట్టేదాన్ని. మీరు గడ్డం దించితే దించేవారు, నా పని నాది."

"ఆ రోజు?"

"ఆ రోజు ముందు వరసలో ఆవిడ కూచుంది, పోయినాయన భార్య. ఆయన కళ్లజోడు గుడ్డతో తుడుస్తోంది. తుడిచి చూసుకుంటుంది, మళ్లీ తుడుస్తుంది. అటు చూస్తూ ఉండిపోయాను. పాట ఎక్కడుందో తప్పిపోయింది. గాభరా పడి మీ వంక చూశాను. గడ్డం దించారు. కొట్టేశాను." ఆవిడ చీరకంటిన దారం పోగులు ఏరుకుంది. "ఇరవై రెండేళ్లలో ఆ ఒక్కరోజే మీరు చెప్పినట్టు చేశాను."

ఆయన గోడకి జారబడి, మెల్లగా నేల మీద కూచున్నాడు. రబ్బరు బంతి కాలికి తగిలి దొర్లింది.

"ప్రొప్రయిటరుకి చెప్పేస్తాను," అన్నాడు.

"ఏమని?"

"తప్పు నాదని. నీ చేతికేం లేదని."

"చెప్పండి. మూడో చెయ్యి లేకపోతే ఆయన మిషను కొన్నాడు. మొదటి రెండూ లేకపోతే ఏం కొంటాడో మీకు తెలీదా? కుర్ర కీబోర్డు వాళ్లు ఆయన ఫోన్లో నలుగురున్నారు." గొంతు తగ్గించింది. "వాయించకపోతే మీరేం చేస్తారండీ ఇంట్లో? ఉప్పు డబ్బా వెతుకుతారా?"

ఆయనకి నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూ దగ్గులో పడ్డాడు. ఆవిడ నీళ్లిచ్చింది. గ్లాసు నిండా ఉంది. ఒక్క చుక్క తొణకలేదు. ఇద్దరూ ఆ గ్లాసునే చూశారు.

శనివారం మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టారు. ఈసారి పాటలూ చరణాలూ లేవు. ముప్పయ్యొక్క శబ్దాలూ ఒకే వరసలో, రైలుపెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి. ఎడమ బొత్తాం ఒక్కటే పనిచేస్తుంది. ఎన్నిసార్లు తొక్కితే అన్ని పెట్టెలు ముందుకి. ఆయనే ఎక్కించాడు. ఒకటి తగ్గించడం ఇప్పుడు ఎవరూ చెప్పనక్కర్లేదు, చెయ్యి అలవాటుపడింది.

"ముందే ఒకటి తొక్కేశాననుకో?" అన్నాడు.

"అక్కణ్ణించి చివరిదాకా అన్నీ తప్పే."

"మరి?"

"నేనొస్తాను. ముందు వరసలో కూచుంటాను. నేను కనుబొమ్మ ఎత్తినప్పుడు మీరు తొక్కండి. మీ అంతట మీరు ఏమీ అనుకోకండి."

అప్పుడు తెచ్చి చూపించింది ముసుగు. పాత కర్టెన్ గుడ్డ, నీలం పువ్వులది. అంచు చుట్టూ రబ్బరు తాడు. పెట్టెకి తొడిగితే అద్దంతో సహా అంతా మూసుకుపోయింది. ఒక్క ఎడమ బొత్తాం చోట మాత్రం, కాజా కుట్టు కుట్టిన గుండ్రటి చిల్లు. ప్లాస్టిక్ పొర తియ్యకుండా, దాని మీదే తొడిగింది.

ఆదివారం సాయంత్రం సభ. ప్రొప్రయిటరు ముసుగు చూసి, "ఏంటి మాస్టారూ, మిషనుకి చలేస్తుందా?" అన్నాడు. దాన్ని తీయబోయాడు. "దుమ్మండీ," అన్నాడు కీబోర్డాయన, అడ్డంగా కాలు పెట్టి. ఆవిడ ముక్కాలిపీట మీద ఎవరో నీళ్ల సీసాలు, కరెంటు అడాప్టరు పెట్టారు. వెనక బ్యానరు మీద ట్రూపు ఫోటో కొత్తది. మొన్నటిదాకా ఆరుగురు. ఇప్పుడు అయిదుగురే, కాస్త ఎడంగా నిలబెట్టి ఖాళీ కనపడకుండా తీశారు.

ఆవిడ ముందు వరసలో చివరి కుర్చీలో కూచుంది, ఒళ్లో సంచి పెట్టుకుని. స్టేజీ కింద కూచుని ఆవిడ ఆ పాటలు వినడం అదే మొదటిసారి. విన్నదని చెప్పడానికి లేదు. కన్ను ఆర్పకుండా ఆయన్నే చూస్తోంది. కనుబొమ్మ లేచింది, ఆయన తొక్కాడు. లేచింది, తొక్కాడు. రెండో పాటలో ఆయనకి చరణం అయిపోయిందనిపించింది. కాలు లేచింది కూడా. ఆవిడ కనుబొమ్మ కదలలేదు. కాలు గాల్లోనే ఆగింది. నాలుగు మెట్లు వాయించాక తెలిసింది, ఇంకా ఒక వరస మిగిలి ఉంది.

ఆరో పాటకి ముందు కార్యదర్శి కాగితం పట్టుకుని స్టేజీ ముందుకొచ్చాడు. పోయిన సభ్యుల పేర్లు చదివాడు. అందరూ లేచి నిలబడ్డారు. కార్యదర్శి చదవడం అయ్యాక పక్కకి తప్పుకోవాలి. తప్పుకోలేదు. అక్కడే తల వంచుకుని నిలబడిపోయాడు. భారీ మనిషి. ఆయన కోటు వెనక ఆవిడ పూర్తిగా మాయమైంది.

ఆర్గన్ మొదలైంది. మొదటి వరస సగానికొచ్చింది. కీబోర్డాయన మెడ సాచాడు. కోటే కనిపించింది. వరస చివరికొచ్చింది. పాట అయిపోయిందని లోపల ఎవరో గడియ పెట్టేస్తున్నారు. అయిపోయిందో, అవుతోందో, అసలు ఇది ఏ పాటో. నుదుటి మీద చెమట కంట్లోకి దిగింది.

కోటు పక్కనించి ఒక చెయ్యి బయటికొచ్చింది.

వేళ్లు విప్పి, చూపుడు వేలు ముందుకి పెట్టి, గాలిలో మూడు చోట్ల మీటింది. సున్నా. నాలుగు. ఒకటి. తొందర లేదు, తొణుకు లేదు. మేకు కొట్టినట్టు ఒక్కో చోటా ఆగి, కదిలింది.

ఆయన తొక్కాడు. వయొలిన్ వచ్చింది.

ముందు వరసలో ఎవరో ముక్కు తుడుచుకున్నారు. ఎవరూ నవ్వలేదు.

సభ అయ్యాక స్టేజీ వెనక గదిలో టీ ఇచ్చారు. ప్రొప్రయిటరు గాలిలో తేలుతున్నాడు. సంఘం వాళ్లు వచ్చే ఏడాదికి కూడా అప్పుడే మాట ఇచ్చారట.

"చూశారా మాస్టారూ! ఒక్క తప్పు లేదు. నేను మొదట్నించీ చెబుతూనే ఉన్నాను, మనిషి చెయ్యి మనిషి చెయ్యే, మిషను మిషనే అని. వదినగారూ, మీరూ హాయిగా ముందు కూచుని పాటలు విన్నారు. లేదంటే ఆ పీట మీద నడుం పడిపోయేది కాదూ?"

"అవునండీ," అంది ఆవిడ.

కీబోర్డాయన చేతిలో టీ కింద పెట్టాడు. "ఏమండీ," అన్నాడు ప్రొప్రయిటరుతో. "మీకొక మాట చెప్పాలి. ఆ రోజు ఆ సంతాప సభలో..."

"మళ్లీ ఆ సంగతెందుకు లెండి. తీసుకోండి వదినగారూ," ప్రొప్రయిటరు టీ గ్లాసు, సాసరుతో సహా ఆవిడకి అందించాడు.

ఆవిడ అందుకుంది. అందుకున్న చెయ్యి వణికింది. గ్లాసు సాసరు మీద టకటకమని కొట్టుకుంది. టీ తొణికి, సాసరు నిండి, చీర కుచ్చిళ్ల మీద పడింది.

"అయ్యయ్యో, జాగ్రత్త," అన్నాడు ప్రొప్రయిటరు. జాలిగా నాలుక చప్పరించి, ఆయన వైపు తిరిగాడు. "ఏంటి మాస్టారూ, ఏదో అనబోయారు?"

వణుకుతున్న గ్లాసు మీదుగా ఆవిడ ఆయన వంక చూసింది. ఎడమ కనుబొమ్మ పైకి లేచింది.

"అదేనండీ," అన్నాడాయన. "మిషను బాగా పనిచేసింది."

ప్రొప్రయిటరు భుజం తట్టి, సంఘం వాళ్ల వైపు వెళ్లాడు. అతను గుమ్మం దాటేదాకా గ్లాసు టకటకలాడుతూనే ఉంది. దాటాక ఆగింది.